వందల శాంపిళ్ల సీక్వెన్సింగ్: డీఎన్‌ఏను ముక్కలు చేసే పద్ధతిని ఎంచుకోవడం ఎలా?

ఆముదం, వేరుశనగ, కంది, దక్కని గొర్రె, ఫ్లోరైడ్ ఊళ్ల మట్టిలోని బ్యాక్టీరియా. పాలమూరు, నల్లగొండ వైపు జీనోమ్ పని మొదలుపెట్టే విద్యార్థుల చేతిలో ఎక్కువగా ఉండేవి ఈ శాంపిళ్లే. సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏలోని బేస్‌ల (అక్షరాల) వరుస చదివించడం, హైదరాబాద్‌లో డబ్బు కట్టి చేయించుకోవచ్చు. లైబ్రరీ (మెషీన్ చదవడానికి వీలుగా తయారుచేసిన డీఎన్‌ఏ ముక్కల గుంపు) మాత్రం మన బెంచీ మీదే తయారుచేసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పనీ చేతికొస్తుంది. అక్కడే మొదటి చిక్కు ఎదురవుతుంది. పొడవాటి డీఎన్‌ఏని మూడు నాలుగు వందల బేస్‌పెయిర్ల (బేస్‌ల జతల) ముక్కలుగా దేనితో కోయాలి? ధ్వనితో కోసే సోనికేటర్‌తోనా, మామూలు ఎంజైమ్‌తోనా, టీఎన్5 ట్రాన్స్‌పోజేజ్ అనే మరో రకం ఎంజైమ్‌తోనా?

ఎవరిని అడిగినా కోవారిస్ అనే సోనికేటర్‌ను మించింది లేదంటారు. పది శాంపిళ్లకు ఆ మాట ఒప్పుకోవచ్చు. శాంపిళ్లు నాలుగు వందలకు చేరితే ప్రశ్నే మారిపోతుంది. మీ దగ్గరున్న వాటిలో బాగా చెడిపోయిన శాంపిల్ మీద, చివరి ప్లేటు చివరి వరుసలో కూడా, దాదాపు అదే సైజు ముక్కలు ఇచ్చే పద్ధతి ఏది? ఎంపికంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరగాలని నా నమ్మకం. శుభ్రమైన డీఎన్‌ఏ మీద ఏ పద్ధతైనా అందంగానే పనిచేస్తుంది.

చెప్పేది పట్టుబడటానికి ఒక ప్రాజెక్టు అనుకుందాం. కల్వకుర్తి, అచ్చంపేట, దేవరకొండ, మునుగోడు చేలల నుంచి 384 ఆముదం మొక్కల ఆకులు, అంటే నాలుగు 96 బావుల ప్లేట్లు. ఒక్కో మొక్కకు 10 రెట్ల కవరేజ్ కావాలి, అంటే జీనోమ్‌లో ప్రతి చోటునూ సగటున పది సార్లు చదవాలి. అవసరమైన చోట గొర్రె రక్తం, మట్టి నమూనాల సంగతీ చెప్తాను.

మొదటి మెట్టు: మెషీన్ కన్నా ముందు లెక్క

ఆముదం జీనోమ్ చిన్నది, సుమారు 350 మెగాబేస్‌లు, అంటే 35 కోట్ల బేస్‌లు. దాని ముసాయిదా 2010లోనే వచ్చింది. 10 రెట్లంటే ఒక్కో మొక్కకు 3.5 గిగాబేస్‌లు (350 కోట్ల బేస్‌లు), 384 మొక్కలకు 1,344 గిగాబేస్‌లు. డూప్లికేట్లు (ఒకే ముక్క నకళ్లు), అడాప్టర్ ముక్కలు (చదవడం కోసం డీఎన్‌ఏ చివరల అతికించేవి), శాంపిళ్ల మధ్య ఎక్కువతక్కువలు పోను చేతికి అంత మిగలాలంటే మరో నాలుగో వంతు కలిపి అడగాలి.

ఇప్పుడు ముక్క సైజు. ఇల్యుమినా సీక్వెన్సింగ్ మెషీన్‌లో రెండు వైపుల నుంచి 150 చొప్పున చదివిస్తే ఒక ముక్క నుంచి 300 బేస్‌లు వస్తాయి. ముక్క 300 కన్నా చిన్నదైతే రెండు రీడ్లు (చదివిన వరుసలు) ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. సగటు ముక్క 220 ఉందనుకోండి, 300 బేస్‌ల్లో 80 రెండోసారి చదివినవే అవుతాయి. నాలుగో వంతుకు పైగా డబ్బు మట్టిపాలు. 150 కన్నా చిన్నదైతే రీడ్ ఏకంగా అవతలి అడాప్టర్‌లోకి దూసుకెళ్తుంది. మరీ పెద్దవి, 700 దాటినవి, ఫ్లోసెల్ (మెషీన్‌లో ముక్కలు అతుక్కునే గాజు పలక) మీద సరిగా పెరగవు. చిన్న ముక్కలే ముందు చోటు పట్టేస్తాయి. అందుకే మొత్తం జీనోమ్ పనికి 350 నుంచి 450 మధ్య ఇన్సర్ట్ (అడాప్టర్ల నడుమ ఉండే మన డీఎన్‌ఏ ముక్క) పెట్టుకోండి. ఎక్సోమ్ (ప్రొటీన్లకు కోడ్ ఇచ్చే భాగాలు మాత్రమే) అయితే 200 దగ్గర చాలు.

ఒక సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. టేప్‌స్టేషన్ (ముక్కల సైజు చూపే యంత్రం) మీద పూర్తయిన లైబ్రరీ కనిపించే సైజులో అడాప్టర్లు కూడా కలిసి ఉంటాయి. రెండు వైపులా కలిపి అవి 120 నుంచి 140 బేస్‌పెయిర్లు. శిఖరం 480 దగ్గర కనబడితే మీ ఇన్సర్ట్ 350 అన్నమాట. 350 దగ్గర శిఖరం చూసి సంబరపడితే లోపల ఉన్నది 220 మాత్రమే.

ఇక డీఎన్‌ఏ ఎంత కావాలి? ఒక బేస్‌పెయిర్ బరువు సుమారు 650 డాల్టన్లు. ఆ లెక్కన ఆముదం జీనోమ్ ఒక కాపీ 0.38 పికోగ్రాములు తూగుతుంది. 1 నానోగ్రాములో దాదాపు 2,600 కాపీలు ఉంటాయి. అదే వేరుశనగ జీనోమ్ 2.7 గిగాబేస్‌లు కాబట్టి 1 నానోగ్రాములో 340 కాపీలే. ముక్కలు చేసి, అడాప్టర్లు అతికించి, కడిగేసరికి ఇందులో పదో వంతే లైబ్రరీగా మిగిలిందనుకోండి. ఆముదానికి 260 కాపీలు మిగులుతాయి, 10 రెట్ల కవరేజ్‌కు ఇబ్బంది లేదు. వేరుశనగకు మిగిలేది 34. అక్కడ డూప్లికేట్లు తప్పవు. పక్క ల్యాబ్‌లో 1 నానోగ్రాముతో పని జరిగిందని విని మీరూ అంతే పెట్టకండి. వాళ్ల జీనోమ్ ఎంతదో అడగండి.

రెండో మెట్టు: మీ చెడ్డ శాంపిల్‌ను వెతికి పట్టుకోండి

ఆకులు తెచ్చే రోజే సగం ఫలితం తేలిపోతుంది. ఆగస్టులో ఆముదం ఏపుగా ఉంటుంది. లేత ఆకు తీసుకోండి. అచ్చంపేట నుంచి ఐసు డబ్బాలో తెస్తే దారిలో ఐసు కరిగి, ఆకు నానిపోయి, డీఎన్‌ఏ తెగిపోతుంది. దానికన్నా చిన్న చిన్న ముక్కలు చేసి సిలికా జెల్ గింజల్లో వేసి మూత పెట్టడం నయం. ఒక రోజులో ఆకు విరిస్తే పెళుక్కుమనాలి. గింజల రంగు మారితే కొత్తవి వేయండి. గింజల పొడి నుంచి తీద్దామనుకునే వాళ్లకు ఒక మాట: ఆముదం గింజలో రిసిన్ ఉంటుంది, ప్రాణాంతకమైన విషం. ఆకుతో పని జరుగుతుండగా గింజ నలగ్గొట్టాల్సిన అవసరమే లేదు.

ఆముదం ఆకులో పాలీఫినాల్స్ ఎక్కువ. మొక్కల డీఎన్‌ఏ తీసే సీటాబ్ బఫర్‌లో పాలీఫినాల్స్‌ను అడ్డుకునే పీవీపీ, బీటా మెర్కాప్టోఇథనాల్ లేకుండా తీస్తే అడుగున గోధుమరంగు ముద్ద మిగులుతుంది. ఆ రంగున్న డీఎన్‌ఏ ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు. జిగురుగా, పిపెట్ మొనకు తీగలా సాగుతూ వస్తే పాలీశాకరైడ్లు ఉన్నట్టు. దాన్ని అలాగే సోనికేట్ చేస్తే ఒక ట్యూబ్‌లో ఒకలా, ఇంకో ట్యూబ్‌లో ఇంకోలా తెగుతుంది. బీడ్స్‌తో (డీఎన్‌ఏని పట్టుకునే అయస్కాంత పూసలతో) ఒకసారి కడిగి, పల్చన చేసి, అప్పుడు ముందుకు వెళ్లండి.

తీసిన ప్రతి డీఎన్‌ఏకీ మూడు పరీక్షలు చేయాలి. కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే నానోడ్రాప్‌లో 260/280 నిష్పత్తి 1.8 దగ్గర, 260/230 నిష్పత్తి 2 దగ్గర ఉండాలి. రెండోది 1 కన్నా తక్కువుంటే ఎంజైమ్ పద్ధతి మీద ఆశ పెట్టుకోవద్దు. క్వాంటిటీ మాత్రం నానోడ్రాప్‌తో తేల్చకండి. ఆర్‌ఎన్‌ఏ ఉంటే అది కూడా డీఎన్‌ఏ కింద లెక్కకొస్తుంది. డీఎన్‌ఏకి అంటుకునే రంగుతో కొలిచే క్యూబిట్ అంకెనే నమ్మండి. చివరగా 0.8 శాతం అగరోజ్ జెల్ మీద నడపండి. పైన ఒకే మందపాటి గీత కనిపిస్తే డీఎన్‌ఏ నిండుగా ఉంది. పై నుంచి కింద దాకా పొగలా పరుచుకుంటే తెగిపోయి ఉంది. పొగంతా 1,000 బేస్‌పెయిర్ల కింద చేరితే ఆ శాంపిల్‌ను వేరే జాబితాలో పెట్టండి.

జెల్ అయ్యాక 384లోంచి ఎనిమిది ఏరండి. రెండు నిండుగా ఉన్నవి, మూడు నడిమిరకం, మూడు బాగా చెడ్డవి. ఇక మీదట ఏ నిర్ణయమైనా ఈ ఎనిమిదింటి మీద చూశాకే.

మూడో మెట్టు: పద్ధతుల అసలు స్వభావం

ధ్వనితో కోయడం. కోవారిస్‌లో సుమారు 500 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగాలను ఒకే చోట కేంద్రీకరించి చిన్న ట్యూబ్‌లోకి పంపుతారు. లోపల బుడగలు పుట్టి కూలిపోతుంటే ఆ తాకిడికి డీఎన్‌ఏ తెగుతుంది. బేస్‌ల వరుసతో దానికి పెద్దగా పని లేదు. అందుకే ఎక్కడ తెగాలన్న పక్షపాతం తక్కువ. 130 మైక్రోలీటర్ల ట్యూబ్‌తో 150 నుంచి 1,500 బేస్‌పెయిర్ల దాకా కావలసిన సైజుకు కోసుకోవచ్చు. దీనిలోని పెద్ద సుగుణం ఏమిటంటే మీరు డీఎన్‌ఏ 100 నానోగ్రాములు పెట్టినా 500 పెట్టినా ముక్కల సైజు పెద్దగా మారదు. క్వాంటిటీ సరిగ్గా కొలవని ల్యాబ్‌ను కూడా ఇది కాపాడుతుంది. బఫర్‌లో ఈడీటీఏ (మెగ్నీషియంను పట్టేసే రసాయనం) ఉన్నా పట్టించుకోదు.

ఖర్చు మరో వైపు నుంచి వస్తుంది. ట్యూబ్ ఒక్కసారి వాడి పడేసేది. ఒక్కో ట్యూబ్‌కు షియరింగ్ (కోత) ఒక నిమిషం, తీసి పెట్టడానికి ఇంకో నిమిషం అనుకుంటే 384కు 768 నిమిషాలు, దాదాపు 13 గంటలు. ఒకేసారి ఎనిమిదింటిని కోసే పెద్ద మోడల్ దొరికితే ఆ బాధ తప్పుతుంది. ఆ తర్వాత కూడా పని మిగిలే ఉంటుంది. తెగిన చివరలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి వాటిని సరిచేయాలి, ఏ-టెయిల్ (అడాప్టర్ అతకడానికి చివర ఒక ఏ బేస్) చేర్చాలి, ప్లేట్ మార్చాలి. ట్యూబ్ మారిన ప్రతిసారీ కొంత డీఎన్‌ఏ పోతుంది. 50 నానోగ్రాముల కన్నా తక్కువతో మొదలైన వాళ్లకు ఆ నష్టం తెలుస్తుంది.

ఇంకొకటి ఉంది, కాన్సర్ శాంపిళ్లతో పనిచేసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. బలమైన షియరింగ్‌లో గ్వానిన్ ఆక్సీకరణ చెంది 8-ఆక్సోగ్వానిన్ అవుతుంది. సీక్వెన్స్‌లో అది జీ స్థానంలో టీ, లేదా సీ స్థానంలో ఏ ఉన్నట్టు కనిపిస్తుంది. 2013లో బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు దీన్ని బయటపెట్టారు. ఆముదం మొక్కలో సగం రీడ్లలో కనిపించే మార్పు వెతికే మనకు దీనితో ఇబ్బంది లేదు. నూటికి ఒకటి రెండు రీడ్లలో ఉండే మ్యుటేషన్ వెతికేవాళ్లకు ఇదే అసలు శత్రువు. షియర్ చేసే ముందు డీఎన్‌ఏని శుభ్రంగా కడిగి, కొద్దిగా ఈడీటీఏ ఉన్న ట్రిస్ బఫర్‌లో ఉంచితే చాలావరకు తగ్గుతుంది. ఉత్త నీళ్లలో మాత్రం షియర్ చేయొద్దు.

బయోరప్టర్ అనే మరో సోనికేటర్ తక్కువ పౌనఃపున్యంతో, 20 కిలోహెర్ట్జ్ దగ్గర, నీళ్ల తొట్టిలో పనిచేస్తుంది. 30 సెకండ్లు ఆన్, 30 సెకండ్లు ఆఫ్ చొప్పున సైకిళ్లు నడుస్తాయి. పది పన్నెండు ట్యూబ్‌లు కలిపి పెట్టొచ్చు, ట్యూబ్ ఖర్చు తక్కువ. నీళ్లు చల్లగా ఉండటమే ఇక్కడ కీలకం. మే నెలలో మన ల్యాబ్‌లో కూలర్ ఆగిపోతే తొట్టి నీళ్లు పది నిమిషాల్లో గోరువెచ్చన అవుతాయి, ముక్కల సైజు జారిపోతుంది. నీటి మట్టం గీత దగ్గరే ఉండాలి, ట్యూబ్‌లన్నిట్లో ఒకే పరిమాణం ఉండాలి, ఖాళీ చోట్లలో నీళ్లు పోసిన ట్యూబ్‌లు పెట్టాలి. మొన దింపే ప్రోబ్ సోనికేటర్‌ను ఈ పనికి వాడొద్దు. నురగ, వేడి, ఒక శాంపిల్ నుంచి ఇంకోదానికి అంటుకోవడం, ఇన్ని బాధలు భరించి వందల లైబ్రరీలు చేయలేరు. గ్యాస్ ఒత్తిడితో చేసే నెబ్యులైజేషన్ కూడా ఒకప్పటి మాట. అందులో డీఎన్‌ఏ చాలా పోతుంది.

ఎంజైమ్‌తో కోయడం. ఇందులో చాలా కిట్లు ఒకే ట్యూబ్‌లో ముక్కలు చేసి, చివరలు సరిచేసి, ఏ-టెయిల్ కూడా చేర్చేస్తాయి. 37 డిగ్రీల దగ్గర 5 నుంచి 30 నిమిషాలు, తర్వాత 65 డిగ్రీల దగ్గర అరగంట. ఒక పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు పెంచే) మెషీన్ ఉంటే 96 శాంపిళ్లు ఒకేసారి. ట్యూబ్ మార్చే పనే లేదు కాబట్టి నష్టం తక్కువ, కొన్ని నానోగ్రాములతోనే పని జరుగుతుంది. జిల్లా యూనివర్సిటీ ల్యాబ్‌లో కొత్త మెషీన్ కొనకుండా నడిచే దారి ఇదే.

ఇది కాలం మీద నడుస్తుంది. ధ్వని ముక్కల్ని ఒక సైజుకు తెచ్చాక నెమ్మదిస్తుంది. ఎంజైమ్ టైమ్ ఉన్నంతసేపూ కోస్తూనే ఉంటుంది. మెగ్నీషియం లేకపోతే కదలదు. ఈడీటీఏ మెగ్నీషియంను పట్టేసుకుంటుంది కాబట్టి కొన్ని కిట్లలో, మామూలు టీఈ బఫర్‌లో (ట్రిస్, ఈడీటీఏ కలిసినది) ఉన్న డీఎన్‌ఏ సరిగా తెగదు. గొర్రె రక్తం తెచ్చే ట్యూబ్‌లో ఈడీటీఏ ఉంటుంది. సరిగ్గా కడగకపోతే అదీ వెంట వస్తుంది. డీఎన్‌ఏని 10 మిల్లీమోలార్ ట్రిస్‌లోకి, పీహెచ్ 8లోకి, మార్చుకోండి. ఎంజైమ్ పద్ధతిలో ఒక కళంకం కూడా ఉంది. జీనోమ్‌లో తలకిందులుగా మళ్లీ వచ్చే వరుసల దగ్గర ఒక పోగు తన మీద తానే మడుచుకుని, లేని సీక్వెన్స్ పుట్టిస్తుంది. ఇది కూడా అతి తక్కువ రీడ్లలో కనిపించే మార్పులు వెతికేవాళ్లకే తలనొప్పి.

టీఎన్5తో కోయడం, అంటే టాగ్మెంటేషన్. ఈ ట్రాన్స్‌పోజేజ్ డీఎన్‌ఏని కోస్తూనే అడాప్టర్‌ను అతికిస్తుంది. 55 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాల్లో పని పూర్తవుతుంది. ఆ తర్వాత నేరుగా పీసీఆర్. వేగంలో దీన్ని మించింది లేదు. దాని చిక్కు దాని పనితీరులోనే ఉంది. ఒక్కో టీఎన్5 ఒక్కసారే కోస్తుంది, కోశాక డీఎన్‌ఏని వదలదు. అంటే ఎన్ని ఎంజైమ్ అణువులుంటే అన్ని కోతలు. డీఎన్‌ఏ రెండింతలు ఎక్కువ పెడితే కోతల మధ్య దూరం పెరిగి ముక్కలు పెద్దవవుతాయి. తక్కువ పెడితే నుసి అవుతుంది. నెక్స్‌టెరా ఎక్స్‌టీ అనే పాత కిట్‌లో 1 నానోగ్రాము సరిగ్గా కొలవాల్సి రావడం అందుకే. టీఎన్5 డీఎన్‌ఏని వదలాలంటే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ వేయాలి. కొందరు ఆ మెట్టు మరిచి, పీసీఆర్ రాలేదని వాపోతారు.

టీఎన్5ను బీడ్స్ మీద కట్టిన రకం ఈ బాధను చాలా తగ్గించింది. బీడ్స్ మీద చోటు పరిమితం. 100 నుంచి 500 నానోగ్రాముల మధ్య ఎంత పెట్టినా బీడ్స్ నిండినంతే తీసుకుంటాయి, శాంపిళ్లన్నిటి నుంచి దాదాపు సమానంగా లైబ్రరీ వస్తుంది. వందల శాంపిళ్లను ఒక్కొక్కటిగా కొలిచి సమం చేసే పని సగం తగ్గుతుంది. 100 కన్నా తక్కువైతే ఆ సమానత్వం ఉండదు. టీఎన్5ను సొంతంగా తయారుచేసుకునే విధానాన్ని 2014లో స్వీడన్ పరిశోధకులు బయటి ప్రపంచానికి ఇచ్చారు. ప్రొటీన్ శుద్ధి చేయడం తెలిసిన వాళ్లుంటే ఖర్చు బాగా పడిపోతుంది. కానీ ప్రతి బ్యాచ్ బలం వేరు. 384కూ సరిపడా ఒకే బ్యాచ్ చేసి పెట్టుకోవాలి.

టీఎన్5కు ఇష్టమైన వరుసలున్నాయి. రీడ్ల నాణ్యత చూపే ఫాస్ట్‌క్యూసీ సాఫ్ట్‌వేర్‌లో మొదటి పది పదిహేను బేస్‌ల దగ్గర గీతలు వంకరటింకరగా కనిపిస్తాయి. అది అడాప్టర్ మురికి కాదు, కత్తిరించి పారేయనక్కర్లేదు. అసలు చూడాల్సింది జీసీ, అంటే జీ, సీ బేస్‌ల శాతం. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్‌లో జీసీ 72 శాతం దాకా ఉంటుంది. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్ల మట్టిలో ఏ బ్యాక్టీరియా ఎంతుందో లెక్కగట్టే పనికి టీఎన్5తో పాటు పన్నెండు సైకిళ్ల పీసీఆర్ కూడా పెడితే, జీసీ ఎక్కువున్న కొన్ని జాతులు అసలు కన్నా తక్కువగా కనబడతాయి. అక్కడ నేను ధ్వని పద్ధతినే ఎంచుకుంటాను, పీసీఆర్ సైకిళ్లు వీలైనంత తగ్గిస్తాను.

అసలు ముక్కలే చేయనవసరం లేని సందర్భాలూ ఉన్నాయి. తెగిపోయిన పాత శాంపిళ్లు, రక్తంలో తేలే 167 బేస్‌పెయిర్ల డీఎన్‌ఏ ముక్కలు, పీసీఆర్‌తో చేసిన చిన్న ఆంప్లికాన్లు ఆ జాబితాలోవి. వాటిని మళ్లీ కోస్తే పాడవుతాయి. ఇక మొక్కల మధ్య చుట్టరికం, మార్కర్లు మాత్రమే చాలనుకుంటే జీనోమంతా చదవడం ఎందుకు? రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో నిర్ణీత చోట్ల కోసి ఆ చోట్లనే చదివే రాడ్ పద్ధతి 2008 నుంచి, జీబీఎస్ 2011 నుంచి, డీడీరాడ్ 2012 నుంచి ఉన్నాయి. 384 వేరుశనగ మొక్కలకు ఇదే తెలివైన దారి. కోత స్థలంలోనే మార్పున్న మొక్కలో ఆ చోటు మాయమవుతుంది, ఆ లోటుకు సిద్ధపడాలి. పొడవాటి రీడ్లు చదివే నానోపోర్, పాక్‌బయో మెషీన్ల కోసం పొడవాటి ముక్కలు కావాల్సినవాళ్లకు ఇవేవీ పనికిరావు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పే జీ-ట్యూబ్ 6 నుంచి 20 కిలోబేస్‌ల ముక్కలు ఇస్తుంది. ఇంకా పెద్దవి కావాలంటే మెగారప్టర్ అనే యంత్రం.

నాలుగో మెట్టు: ఎంపిక

మన ఆముదం ప్రాజెక్టుకు నా తీర్పు ఇది. ల్యాబ్‌లో పీసీఆర్ మెషీన్లు తప్ప వేరే ఏమీ లేకపోతే ఎంజైమ్ పద్ధతి. అన్ని శాంపిళ్లలోనూ 100 నానోగ్రాములకు పైగా శుభ్రమైన డీఎన్‌ఏ ఉంటే బీడ్స్ మీది టీఎన్5. చెడ్డ శాంపిళ్లు మూడో వంతు దాటి, వాటిని కడిగినా ఎంజైమ్ ఆగిపోతుంటే, ఎనిమిదేసి ట్యూబ్‌లు కోసే సోనికేటర్ ఉన్న చోటికి డీఎన్‌ఏ పట్టుకెళ్లి మొత్తం 384నూ అక్కడే కోయించాలి.

మొత్తం అన్నాను, గమనించండి. మంచివి ఎంజైమ్‌తో, చెడ్డవి సోనికేటర్‌తో చేద్దామనే ఆలోచన ఎంత సుళువుగా తోచినా దగ్గరికి రానీయొద్దు. దేవరకొండ మొక్కలన్నీ ఒక పద్ధతిలో, అచ్చంపేట మొక్కలన్నీ ఇంకో పద్ధతిలో చేస్తే చివర్లో కనిపించే తేడా మొక్కలదో పద్ధతిదో ఎవరూ చెప్పలేరు.

అయిదో మెట్టు: ఎనిమిది శాంపిళ్ల మీద టైమ్ కట్టడం

ఎంజైమ్ ఎంచుకున్నారనుకుందాం. ఏరిపెట్టిన ఎనిమిదింటి నుంచి 100 నానోగ్రాముల చొప్పున తీసి, ఒక్కోదాన్ని 5, 10, 15, 20 నిమిషాలకు పెట్టండి. మొత్తం 32 ట్యూబ్‌లు. కిట్ పుస్తకంలో ఉన్న నిమిషాలు వాళ్ల శుభ్రమైన డీఎన్‌ఏవి, మీ ఆముదంవి కావు.

ఎంజైమ్ మిక్స్ చిక్కగా ఉంటుంది, అడుక్కు దిగుతుంది. వాడే ముందు కిట్ చెప్పినట్టు బాగా కలపాలి. పీసీఆర్ మెషీన్‌ను ముందే 4 డిగ్రీల దగ్గర ఆపి ఉంచండి. ట్యూబ్‌లను ఐసు మీద, చల్లటి లోహపు బ్లాక్‌లో పెట్టి ఎంజైమ్ వేయండి. 96 బావుల ప్లేటులో మల్టీచానల్ పిపెట్‌తో ఒకటో వరుస నుంచి పన్నెండో వరుసకు చేరేసరికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఎండాకాలం బెంచీ 35 డిగ్రీలుంటే ఒకటో వరుసలో ఎంజైమ్ అప్పటికే కోత మొదలుపెట్టేస్తుంది. ప్లేటు తీసి టేప్‌స్టేషన్‌లో చూస్తే ఎడమ నుంచి కుడికి ముక్కల సైజు మెట్లు మెట్లుగా పెరుగుతూ కనిపిస్తుంది. మొక్కల్లో ఏ తప్పూ లేదు, ఐసు లేకపోవడమే కారణం. పిపెట్‌తో కలిపేటప్పుడు అన్ని బావుల్లో ఒకేసారి కలిసేలా పది సార్లు పైకీ కిందికీ. మెషీన్‌కు యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. 37 డిగ్రీల దగ్గర కరెంటు పోయి పావుగంట తర్వాత వస్తే ఆ ప్లేటంతా నుసి.

32 ట్యూబ్‌ల ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడండి. నిండుగా ఉన్న డీఎన్‌ఏ 15 నిమిషాలకు 350 చేరి, గోధుమరంగుది 20 నిమిషాలకు కూడా 700 దగ్గరే ఆగిందంటే దానికి ఇంకా టైమ్ పెంచకండి. ఆపుతున్నది మురికి. మళ్లీ కడిగి, మళ్లీ చూడండి. కడిగాక ఎనిమిదీ 300 నుంచి 450 మధ్యకు వచ్చే ఒకే నిమిషాల అంకె దొరికితే మీ ప్రోటోకాల్ దొరికినట్టే. దొరకకపోతే పద్ధతి మార్చాలి. శాంపిల్‌కో టైమ్ పెట్టుకుంటూ పోతే 384 దాటలేరు.

సైజు సరిచేయడానికి బీడ్స్ ఉన్నాయి. 50 మైక్రోలీటర్ల శాంపిల్‌కు 30 మైక్రోలీటర్ల బీడ్స్, అంటే 0.6 రెట్లు, వేస్తే పెద్ద ముక్కలు వాటికి అంటుకుంటాయి. ఆ బీడ్స్ పక్కకు తీసేసి, పై ద్రవంలో ఇంకో 10 మైక్రోలీటర్లు కలిపితే మొత్తం 0.8 రెట్లు అవుతుంది, మనకు కావాల్సిన నడిమి ముక్కలు వీటికి అంటుకుంటాయి. మరీ చిన్నవి ద్రవంతో పాటు పోతాయి. బీడ్స్ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వాడొద్దు, అరగంట బయట ఉంచాలి. 80 శాతం ఇథనాల్ ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మన ఎండకు మూత తీసిన సీసాలో అది 70కి చేరడానికి ఎంతోసేపు పట్టదు. నీళ్లు ఎక్కువైన ఇథనాల్ బీడ్స్ మీది డీఎన్‌ఏని కడిగేస్తుంది.

ఆరో మెట్టు: కొద్దిగా సీక్వెన్స్ చేసి చూడటం

టేప్‌స్టేషన్ మీద అందంగా కనబడితే సరిపోదు. ఎనిమిది లైబ్రరీలను కలిపి ఒక చిన్న రన్‌లో, వేరేవాళ్ల రన్‌లో కాస్త చోటు అడిగైనా సరే, చదివించండి. పోల్చే ముందు అన్నిటి నుంచి ఒకే సంఖ్య రీడ్లు తీసుకోవాలి. లేకపోతే ఎక్కువ చదివినదానిలో డూప్లికేట్లు సహజంగానే ఎక్కువ కనిపిస్తాయి.

పికార్డ్ టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇన్సర్ట్ సైజు పట్టిక, డూప్లికేట్ల శాతం, జీసీ వంపు (జీసీని బట్టి కవరేజ్ ఎలా మారుతుందో చూపే గీత) తీయండి. ఇన్సర్ట్ సైజు గ్రాఫ్‌లో ఒకే గుట్ట ఉండాలి. 150 కింద ఇంకో చిన్న గుట్ట లేచిందంటే బీడ్స్ మెట్టులో ఏదో తేడా జరిగింది. జీసీ వంపు 30 నుంచి 60 శాతం మధ్య చదునుగా ఉంటే ఆముదానికి చాలు. ఈ మూడింటిలో నేను చెడ్డ శాంపిళ్ల అంకెలే ముందు చదువుతాను. మంచి రెండు శాంపిళ్లకూ చెడ్డ మూడింటికీ మధ్య ఎడం ఎంత తక్కువో ఆ పద్ధతి అంత నమ్మదగింది.

ఏడో మెట్టు: 384 నడిపించడం

ఊరి వారీగా ప్లేట్లు నింపొద్దు. నాలుగు ఊళ్ల మొక్కలూ ప్రతి ప్లేటులో, కలగాపులగంగా ఉండాలి. కంప్యూటర్‌తో యాదృచ్ఛికంగా స్థానాలు తీయించి, ఆ పట్టికను ప్లేటు పక్కనే అతికించండి. ప్రతి ప్లేటులో రెండు బావులు మీ కోసం ఉంచుకోండి. ఒకదానిలో అన్ని ప్లేట్లకూ ఒకే మొక్క డీఎన్‌ఏ, ఇంకోదానిలో ఉత్త బఫర్. మొదటిది ప్లేటుకూ ప్లేటుకూ తేడా చెబుతుంది, రెండోది ఎక్కడైనా ఏదైనా అంటుకుందేమో చెబుతుంది. ఆ లెక్కన నాలుగు ప్లేట్లలో 376 మొక్కలే పడతాయి. మిగిలిన ఎనిమిదింటికి అయిదో ప్లేటు పెట్టకండి, మొదటే ఊరికి రెండు చొప్పున తగ్గించుకోండి.

కిట్లు, బీడ్స్ అన్నీ ఒకే లాట్ (తయారీ బ్యాచ్) నంబర్‌వి ముందే తెప్పించుకోండి. ఎంజైమ్ హైదరాబాద్ నుంచి డ్రై ఐసులో వచ్చాక కొద్దికొద్దిగా పంచి మైనస్ 20లో పెట్టండి. పదే పదే కరిగించిన ఎంజైమ్ నాలుగో ప్లేటుకు వచ్చేసరికి మొదటి ప్లేటులా కోయదు.

ప్రతి ప్లేటు తర్వాత 12 బావులను, వరుసకొకటి చొప్పున, టేప్‌స్టేషన్‌లో చూడండి. పదింటిలో శిఖరం 430 నుంచి 580 మధ్య ఉంటే ముందుకు. లేకపోతే తర్వాతి ప్లేటు మొదలుపెట్టకుండా ఆగి కారణం వెతకండి. విఫలమైన శాంపిళ్లను ఒక జాబితాలో రాసుకుని, నాలుగు ప్లేట్లూ అయ్యాక అదే పద్ధతి, అదే నిమిషాలు, అదే లాట్‌తో ఒకే దఫాలో మళ్లీ చేయండి. అందుకే మొదట్లోనే ప్రతి మొక్క డీఎన్‌ఏలో సగం వాడకుండా మైనస్ 20లో దాచాలి. మళ్లీ చేసినవేవో, ఏ తేదీన చేశారో శాంపిల్ పట్టికలో ఒక నిలువు గడిలో రాసి ఉంచండి. విశ్లేషణ చేసేవాళ్లు ముందు అడిగేది ఆ గడే.